అవునో కాదో చెప్పండి

అమెరికాలో మెడికల్ సీటుకు దరఖాస్తు పెట్టిన పిల్లలు దాదాపు ఏడాది పాటు ఎదురుచూస్తారు. ఇంటర్వ్యూకు పిలిస్తే ఈమెయిల్ వస్తుంది. పిలవకపోతే చాలాచోట్ల నెలల తరబడి ఏ కబురూ రాదు. ఆ మౌనం వెనక ఏం జరుగుతోంది? మన తెలుగు ఇళ్లలో ఆ నెలలు ఎలా గడుస్తున్నాయి?

అమెరికాలో డాక్టరు చదవాలనుకునే పిల్లలకు సంవత్సరం మే నెలలో మొదలవుతుంది. ఆ నెల మొదట్లో ఆమ్‌కాస్ తెరుచుకుంటుంది. అమెరికా వైద్య కళాశాలల సంఘం నడిపే ఉమ్మడి దరఖాస్తు అది. దేశంలోని ఎండీ కాలేజీలు చాలావరకు దాని ద్వారానే పిల్లల్ని తీసుకుంటాయి. టెక్సాస్‌కు మాత్రం సొంత దరఖాస్తు ఉంది. డిగ్రీలో చదివిన ప్రతి కోర్సూ, ప్రతి గ్రేడూ ఎక్కించాలి. ఆసుపత్రిలో చేసిన సేవ, ల్యాబులో చేసిన పరిశోధన, బడిపిల్లలకు చెప్పిన ట్యూషన్లు, ఇలాంటివి 15 దాకా రాసుకోవచ్చు, ఒక్కోటి 700 అక్షరాల్లో. డాక్టరే ఎందుకు కావాలో చెప్పే వ్యాసానికి 5,300 అక్షరాలు. వీటన్నిటికీ తోడు ఎమ్‌క్యాట్: విరామాలతో కలిపి ఏడున్నర గంటల పరీక్ష, 472 నుంచి 528 దాకా స్కోరు.

జూన్ చివర్లో దరఖాస్తులు కాలేజీలకు చేరతాయి. చేరీ చేరగానే అక్కడి నుంచి 'సెకండరీలు' వచ్చి పడతాయి. మళ్లీ వ్యాసాలు, మళ్లీ ఫీజు. మా కాలేజీయే ఎందుకు? నువ్వు ఓడిపోయిన సందర్భం ఏది? నీలా ఆలోచించని వాళ్లతో ఎలా కలిసి పనిచేశావు? సగటున ఒక్కొక్కరు 18 కాలేజీల దాకా దరఖాస్తు చేస్తారు కాబట్టి జులై అంతా రాతకోతల్లోనే పోతుంది. చాలా కాలేజీలు వచ్చినవాటిని వచ్చినట్టే చదువుతూ, పిలుస్తూ, సీట్లు ఇచ్చుకుంటూ పోతాయి. అందుకే వారం ఆలస్యమైనా వెనకబడిపోతామని పిల్లలకు భయం.

ఆగస్టు వచ్చేసరికి చేతిలో పని ఉండదు. ఇంటర్వ్యూ పిలుపు రావాలి, అంతే. అది ఆగస్టులో రావచ్చు, ఫిబ్రవరిలో రావచ్చు. రాకపోవచ్చు. రాదన్న సంగతి కూడా రాకపోవచ్చు. ఈ కథనం ముఖ్యంగా ఈ చివరి సంగతి గురించి.

ఒకే వాక్యం, నెలల తరబడి

మా అక్క కూతురు డాలస్ పక్కన ఫ్రిస్కోలో పెరిగింది. డిగ్రీ అయిపోయాక గ్యాప్ ఇయర్ తీసుకుని ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో స్క్రైబ్‌గా చేరింది. డాక్టరు రోగిని చూస్తుంటే పక్కనే నిలబడి వివరాలన్నీ కంప్యూటర్లో ఎక్కించే ఉద్యోగం. డ్యూటీలో ఉండగా ఫోను జేబులో కదిలితే తియ్యడానికి లేదు. విరామం దొరికాక గబగబా తీసి చూస్తే ఏదో మందుల షాపు కూపన్. ఒకటికి రెండుసార్లు స్పామ్ ఫోల్డర్ కూడా వెతుకుతుంది, పిలుపు అందులో పడి ఉంటుందేమోనని.

ఒకరోజు తన ల్యాప్‌టాప్‌లో ఒక కాలేజీ పోర్టల్ తెరిచి చూపించింది. వరసగా ఆకుపచ్చ టిక్కులు. ఫీజు అందింది, ఎమ్‌క్యాట్ స్కోరు అందింది, సిఫార్సు లేఖలు అందాయి, సెకండరీ అందింది. వాటి కింద ఒకే వాక్యం: మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది.

"సెప్టెంబర్‌లో ఇదే ఉంది పిన్నీ, జనవరిలోనూ ఇదే ఉంది. మధ్యలో ఎవరైనా తెరిచి చదివారో లేదో ఎలా తెలుస్తుంది?"

తెలియదు. ఆ తేడా చూపించే గడి పోర్టల్లో ఎక్కడా లేదు. నిన్న సాయంత్రం కమిటీ కూర్చుని అరగంట మాట్లాడుకున్న ఫైలుకూ, జులై నుంచి ఎవరూ ముట్టని ఫైలుకూ అదే వాక్యం. ఉదయం లేవగానే పిల్లలు ఆ పేజీ తెరుస్తారు, మారలేదని చూసుకుని మూసేస్తారు, మధ్యాహ్నం మళ్లీ తెరుస్తారు. ఇది బలహీనత అని పెద్దవాళ్లు విసుక్కుంటారు. నేను విసుక్కోలేను. మూడు నాలుగేళ్ల కష్టం ఆ ఒక్క పేజీలో ఉన్నప్పుడు చూడకుండా ఎవరుంటారు?

తలుపు అవతల

కాలేజీల లెక్క కూడా చూడాలి. 2021లో చేరడానికి ఎండీ కాలేజీలకు దరఖాస్తు చేసినవాళ్లు 62 వేలు దాటారు. కొవిడ్ కాలంలో డాక్టరు వృత్తి మీద పెరిగిన మక్కువ అందులో ఉంది. తర్వాత కొంచెం తగ్గింది. 2023లో 52 వేల పైచిలుకు దరఖాస్తుదారులుంటే సీట్లో కూర్చున్నది దాదాపు 23 వేల మంది. అంటే సగానికంటే ఎక్కువమంది ఆ ఏడు ఉత్త చేతులతో మిగిలారు. వాళ్లలో చాలామంది మరుసటేడు మళ్లీ వస్తారు. ఏటా వచ్చే దరఖాస్తుదారుల్లో దాదాపు నాలుగో వంతు అలా తిరిగి వచ్చినవాళ్లే.

ఒక్కో కాలేజీ దగ్గరకు వెళ్లి చూస్తే ఒత్తిడి ఇంకా ఎక్కువ. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ లాంటి ప్రైవేటు కాలేజీకి ఏటా పది వేలకు పైగా దరఖాస్తులు వస్తాయి, మొదటి సంవత్సరం సీట్లు రెండు వందల దరిదాపు. ప్రభుత్వ కాలేజీలు సొంత రాష్ట్రం పిల్లలకు పెద్దపీట వేస్తాయి. టెక్సాస్ ప్రభుత్వ కాలేజీల్లో బయటివాళ్లు 10 శాతం మించకూడదు. ఫైళ్లు చదివేవాళ్లలో చాలామంది అక్కడే పనిచేసే డాక్టర్లూ, ప్రొఫెసర్లూ. రోగుల్ని చూసుకుని, పాఠాలు చెప్పుకుని, రాత్రిపూట కూర్చుని చదువుతారు. గ్రేడ్లు, స్కోరు చూసి కొన్నింటిని పక్కన పెడతారు. పల్లె వైద్యమో, పరిశోధనో, తమ కాలేజీ ఆశయానికి సరిపోయే వాళ్లను ముందుకు లాగుతారు. మిగతావి మధ్యలో ఉండిపోతాయి.

ఈ మధ్యలో ఉండిపోయినవే అసలు చిక్కు. సెప్టెంబర్లో చూసిన ఫైలు బాగానే ఉంది, కానీ డిసెంబర్లో ఇంతకంటే మంచిది వస్తుందేమో. ఇప్పుడే కాదంటే తర్వాత కావాలంటే దొరకదు. అందుకని కాదనరు, రమ్మనరు. పిలిచినవాళ్లలో కొందరు వేరే చోట సీటు దొరికి రామంటే అప్పుడు ఈ దొంతరలోంచి తీస్తారు. అలా ఆశ వదులుకున్న పిల్లకు జనవరిలో పిలుపు రావడం నిజంగా జరుగుతుంది. మౌనం కాలేజీకి ఉపయోగపడుతుంది. దాని ఖరీదు మాత్రం పూర్తిగా అవతలివాళ్లు కడతారు.

ఖరీదంటే డబ్బు కూడా. 2024లో ఆమ్‌కాస్ ఫీజు మొదటి కాలేజీకి 175 డాలర్లు, ఆపై ప్రతి కాలేజీకీ నలభై పైచిలుకు. సెకండరీకి చాలాచోట్ల వంద డాలర్లు అటూ ఇటూ. మొత్తం రెండు మూడు వేల డాలర్లు తేలిగ్గా అవుతుంది. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు ఫీజు రాయితీ ఉంది, మంచిదే. కానీ డబ్బు తీసుకున్న ప్రతి కార్యాలయం రసీదు ఒక్కటే ఇచ్చి ఊరుకోవడం నాకు న్యాయంగా కనపడదు.

ఇంటర్వ్యూ ఏం చూస్తుంది?

ఇంతా చేసి ఆ ఇంటర్వ్యూ ఏం తేలుస్తుంది? చరిత్రలో దాని నడవడి అంత గొప్పగా లేదు. 1920ల నుంచి 40ల దాకా అమెరికాలో చాలా మెడికల్ కాలేజీలు యూదు విద్యార్థులు ఇంతకు మించకూడదని లోపాయికారీగా లెక్క పెట్టుకునేవి. దరఖాస్తులో మతం అడిగేవారు. ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడటం ఆ వడపోతకు బాగా పనికొచ్చింది. తర్వాత పోలియో టీకా తయారు చేసిన జోనాస్ సాక్ 1934లో న్యూయార్క్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో చేరాడు. అలాంటి కోటా పెట్టని కాలేజీల్లో అదొకటి.

ఇక 1979లో టెక్సాస్‌లో జరిగింది ప్రతి దరఖాస్తుదారుడూ తెలుసుకోవాలి. హ్యూస్టన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ మెడికల్ స్కూలు ఆ ఏడు 800 మందిని ఇంటర్వ్యూ చేసి వరసలు కట్టింది. 150 సీట్లూ పైవరసల వాళ్లతో నింపింది. అంతలో రాష్ట్ర శాసనసభ ఇంకో 50 మందిని తీసుకోవాలంది. అప్పటికి పైవాళ్లంతా వేరే కాలేజీలకు వెళ్లిపోయారు. మిగిలింది 700 నుంచి 800 మధ్య ఉన్నవాళ్లు. చేసేది లేక వాళ్లలోంచి 50 మందిని తీసుకున్నారు. ఎవరు ఏ వరసలో వచ్చారో పాఠాలు చెప్పేవాళ్లకు తెలియదు. కోర్సు పూర్తయ్యాక లెక్క తీస్తే పరీక్షల్లో, వార్డుల్లో, చదువు మధ్యలో మానేసేవాళ్ల సంఖ్యలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. 1987లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

నేను ఈ అధ్యయనం గురించి చదివాక చాలాసేపు దాన్నే తలచుకుంటూ ఉండిపోయాను. ఆ 50 మంది ఇంటి దగ్గర కూర్చుని, తాము పనికిరామని నమ్మి ఉంటారు కదా.

కెనడాలో టొరంటో యూనివర్సిటీ ఇంటర్వ్యూల మీద 2009లో ఇంకో అధ్యయనం వచ్చింది. వాన పడే రోజున ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లకు ఎండ కాసిన రోజు వచ్చినవాళ్ల కంటే మార్కులు కొంచెం తక్కువ పడ్డాయి. అడిగేవాళ్లు బుద్ధిపూర్వకంగా చేసింది కాదు. మనుషులు మనుషుల్ని చూసేటప్పుడు ఇలాంటివన్నీ కలుస్తాయి.

ఇది గ్రహించి మార్చాలని చూసినవాళ్లూ ఉన్నారు. కెనడాలోనే హామిల్టన్ ఊళ్లో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు 2000ల మొదట్లో ఎంఎంఐ (మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ) పద్ధతి తెచ్చారు. ఒకే మనిషి ముందు గంట కూర్చోబెట్టే బదులు వరసగా ఎనిమిదో పదో గదులు. తలుపు మీద కాగితం అంటించి ఉంటుంది. రెండు నిమిషాలు చదువుకోవాలి. గంట మోగుతుంది, లోపలికి వెళ్లి ఎనిమిది నిమిషాలు మాట్లాడాలి. ఒక గదిలో నటుడు కూర్చుని ఉంటాడు: విమానం ఎక్కాలంటే భయపడే సహోద్యోగి, అతన్ని ఎలాగైనా బయల్దేరదీయాలి. ఇంకో గదిలో నీతికి సంబంధించిన ప్రశ్న. ఒక గదిలో తడబడినా తర్వాతి గదిలో కొత్త మనిషి, కొత్త మార్కులు. ఒక్కరి ఇష్టాయిష్టాల మీద బతుకు ఆధారపడదు. ఇప్పుడు అమెరికాలోనూ చాలా కాలేజీలు దీన్ని వాడుతున్నాయి. 2020 నుంచి ఇంటర్వ్యూలు జూమ్‌లోకి మారాయి, చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. విమాన ఖర్చులు తప్పాయి, అది పెద్ద ఊరట. గోడ మీది దేవుడి పటం కెమెరాలో పడాలా వద్దా అన్న కొత్త చర్చ మన ఇళ్లలో మొదలైంది. ఉంటే ఉండనివ్వండి అంటాను.

నేను ఇంటర్వ్యూలకు వ్యతిరేకిని కాను. రోగితో మాట్లాడటం రాని డాక్టరు దగ్గర కూర్చున్న ఎవరికైనా అది ఎందుకు కావాలో తెలుసు. అయితే ఇంత ఊగిసలాడే కొలబద్దతో ఒక పిల్లను పిలిచారనో, పిలవలేదనో ఆమె విలువ తేల్చకూడదు. పిలవడానికి ముందు జరిగే వడపోతకైతే ఆ మాత్రం పరీక్ష కూడా లేదు.

రిజల్టు ఎప్పుడు?

తెనాలి నుంచి మా అమ్మ వీడియో కాల్ చేసినప్పుడల్లా మనవరాల్ని అడిగేది.

"రిజల్టు ఎప్పుడొస్తుందే తల్లీ?"

"రిజల్టంటూ ఉండదు అమ్మమ్మా. పిలిస్తే పిలిచినట్టు."

"పిలవకపోతే పిలవం అని చెప్తారుగా మరి?"

మా అమ్మకే కాదు, ఇక్కడి తల్లిదండ్రులకూ ఈ పద్ధతి అంతుపట్టకపోవడంలో వింత లేదు. ఇవాళ అమెరికాలో పిల్లల్ని మెడిసిన్‌కు పంపుతున్న తెలుగు తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ఎంసెట్ తరం. 1986లో మొదలైన ఆ పరీక్షలో ఒక్క రోజు రాసేవారు, ర్యాంకు వచ్చేది, పేపర్లో చిన్న అక్షరాల్లో హాల్‌టికెట్ నంబరు వెతుక్కునేవారు. వచ్చినా రాకపోయినా ఆ సాయంత్రానికి తేలిపోయేది. 2017 నుంచి మన రెండు రాష్ట్రాల్లో మెడికల్ సీట్లన్నీ నీట్ మీదే. మన పద్ధతిలో క్రూరత్వం తక్కువేం కాదు. ఒక్క మార్కుతో ఏళ్ల చదువు పోయిన పిల్లల్ని, కోచింగ్ హాస్టళ్లలో నలిగిపోయిన పిల్లల్ని చూశాం. కానీ అక్కడ కాదన్న మాట కాగితం మీద ఉండేది. ఏడ్చి, లేచి, బీఎస్సీలోనో లాంగ్ టర్మ్‌లోనో చేరేవారు.

అమెరికాలోని మన ఇళ్లకు ఇంకో బాధ ఉంది. ఇంటర్వ్యూ పిలుపులు జోరుగా వచ్చే కాలమూ, మొదటి సీట్లు బయటపడే అక్టోబర్ మధ్య రోజులూ, బతుకమ్మ, దీపావళి సంబరాలూ అన్నీ ఒకేసారి వస్తాయి. హాలు నిండా తెలిసినవాళ్లే. "మీ అమ్మాయికి ఎన్ని వచ్చాయి?" అని అడుగుతారు, ప్రేమగానే. పక్క టేబుల్ దగ్గర ఎవరో "మావాడికి ఇప్పటికి మూడు" అంటారు. ఆ ఏడు మా అక్క కూతురు దీపావళి పార్టీకి రానంది. అక్క బలవంతం చేయలేదు. సరైన పని చేసిందని అప్పుడే అన్నాను. ఇంట్లో కూడా ఒక మాట అనుకున్నారు: వార్త ఉంటే తనే చెప్తుంది, ఎవరూ అడగొద్దు. మా బావ ఆఫీసు నుంచి రాగానే కూతురి ముఖంలోకి చూడటం మాత్రం మానలేకపోయాడు.

మనవాళ్లలో డీఓ కాలేజీలంటే చిన్నచూపు ఉంది. అది పోవాలి. ఆస్టియోపతిక్ కాలేజీల్లో చదివినవాళ్లు కూడా అన్ని రాష్ట్రాల్లో పూర్తిస్థాయి డాక్టర్లే, 2020 నుంచి ఎండీ, డీఓ చదివినవాళ్లంతా రెసిడెన్సీకి ఒకే మ్యాచ్‌లో పోటీ పడుతున్నారు. డీఓ ఇంటర్వ్యూ వచ్చిందని చెప్పిన కుర్రాడితో "అంతేనా, ఇంకేం రాలేదా?" అనడం చూశాను. వాడు నెలలు ఎదురుచూస్తే వచ్చిన పిలుపు అది.

అన్నిటికంటే నన్ను కలచివేసేది హెచ్-4 అనే డిపెండెంట్ వీసా మీద ఉన్న పిల్లల సంగతి. నాలుగేళ్ల వయసులో అమ్మానాన్నల హెచ్-1బి మీద వచ్చి, ఇక్కడే బడికి వెళ్లి, ఇక్కడి యాసలో మాట్లాడే పిల్లలు. గ్రీన్ కార్డు వరసలో భారతీయుల నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది. ఈలోపు పిల్లకు 21 నిండితే డిపెండెంట్ వీసా పోతుంది, విద్యార్థి వీసాకు మారాలి. సరిగ్గా మెడిసిన్‌కు దరఖాస్తు పెట్టే వయసు అది. దాంతో దరఖాస్తులో ఆమె విదేశీ విద్యార్థిని అవుతుంది. విదేశీయుల్ని అసలు పరిశీలించని ఎండీ కాలేజీలే ఎక్కువ. తీసుకునే వాటిలో కొన్ని ఫీజు మొత్తం ముందే బ్యాంకులో చూపించమంటాయి. ఫెడరల్ విద్యా రుణం దొరకదు. ఇలాంటి పిల్లలు ఇంటర్వ్యూ పిలుపు కోసం చూస్తున్నారంటే వాళ్లు రెండు వరసల్లో ఒకేసారి నిలబడి ఉన్నారన్నమాట. కొందరు చివరికి ఇండియాలో ప్రైవేటు కాలేజీల ఎన్నారై కోటా వైపు చూస్తారు. అక్కడా నీట్ రాయాల్సిందే.

తేదీ పెట్టడం కష్టమేం కాదు

సీట్లు ఇచ్చే విషయంలో అమెరికా కాలేజీలు పాటించే తేదీలు ఉన్నాయి. మామూలు దరఖాస్తుదారులకు అక్టోబర్ మధ్యకు ముందు సీటు ఇవ్వరు. మార్చి 15కల్లా తరగతిలో ఎన్ని సీట్లున్నాయో కనీసం అన్ని ఆఫర్లు పంపాలి. ఏప్రిల్ 30కి పిల్లలు చేతిలో ఒక్క సీటు ఉంచుకుని మిగతావి వదిలేయాలి. ఆ తర్వాత వెయిట్‌లిస్టులు కదులుతాయి, జులైలో పిలుపు వచ్చి వారంలో సామాను సర్దుకుని వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఇంత క్రమశిక్షణ సీట్ల దగ్గర సాధ్యమైనప్పుడు, కాదని చెప్పే విషయం దగ్గర ఒక్కో కాలేజీ ఒక్కో తీరుగా ఎందుకుండాలి? కొన్ని అక్టోబర్లోనే మర్యాదగా చెప్పేస్తాయి. కొన్ని తరగతులు మొదలయ్యే ముందు ఒక్క ఈమెయిల్ పడేస్తాయి.

చెప్పేస్తే ఏమవుతుందో ఆలోచించండి. నవంబర్లో 18లో 12 కాదని తెలిసిన పిల్ల మిగిలిన ఆరింటి మీద దృష్టి పెడుతుంది. కొత్తగా చేసిన పని వివరిస్తూ అప్‌డేట్ లేఖ రాస్తుంది, అలాంటివి తీసుకునే కాలేజీలకు. మళ్లీ దరఖాస్తు పెట్టాలా, ఎమ్‌క్యాట్ మళ్లీ రాయాలా అన్నది మే నెల ముంచుకు రాకముందే తేల్చుకుంటుంది. ఇల్లు లీజు పొడిగించాలా, ఉద్యోగం కొనసాగించాలా అన్నదీ తేలుతుంది. ఏప్రిల్లో తెలిస్తే వీటిలో దేనికీ సమయం ఉండదు.

నేను అడిగేది మూడు ముక్కల జవాబు. జనవరి 31 నాటికి ప్రతి దరఖాస్తుదారుడికీ మూడింటిలో ఒకటి చెప్పాలి: పిలుస్తున్నాం, పిలవడం లేదు, చదివి పక్కన ఉంచాం. ఆ మూడోదాన్లో 'చదివి' అన్న మాట నిజమై ఉండాలి. విదేశీ విద్యార్థుల్ని తీసుకోని కాలేజీలు సెకండరీ ఫీజు అడగడానికి ముందే దరఖాస్తులోని వీసా గడి చూసి ఆపేయాలి. ఆ సమాచారం జూన్ నుంచే వాళ్ల కంప్యూటర్లో ఉంది.